వాడ దాకా రాని బండి

1929లో చాలీస్‌గావ్ రైల్వే స్టేషన్‌లో అంబేడ్కర్ సుమారు గంటసేపు వేచి ఉండవలసి వచ్చింది. అంటరానివారి కష్టాలపై బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడిగా ఆయన ఆ ప్రాంతానికి వెళ్లారు. దగ్గరి గ్రామంలో సాంఘిక బహిష్కరణ ఉదంతం ఒకటి విచారించి తిరిగి వచ్చారు. ఆ రాత్రికి తమ వాడలో బస చేయాలని స్థానిక మహర్లు కోరారు. వాడ నడిచిపోగల దూరంలోనే ఉంది. అయినా అంతటి అతిథిని నడిపించడానికి వారి మనసు ఒప్పలేదు. స్టేషన్ బయట టాంగాలు చాలానే ఉన్నాయి. అంటరానివాణ్ని కూర్చోబెట్టుకుని తోలడానికి మాత్రం ఏ టాంగావాలా ఒప్పుకోలేదు. చివరికి ఒక యజమాని బండిని కిరాయికిస్తాననీ, తాను తోలననీ అన్నాడు. తోలడం రాని వాడ మనిషి ఒకరు పగ్గాలు పట్టుకున్నారు. కల్వర్టు మీద చక్రం రాయికి తగిలింది. అంబేడ్కర్ రాళ్ల మీద పడ్డారు, కాలి ఎముక విరిగింది. గుర్రం, బండి నదిలో పడ్డాయి. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఈ వృత్తాంతం ఉంది.

మనం దీన్ని అవమానాల చరిత్రలో ఒక పుటగా చదివి పక్కన పెడతాం. రవాణా చరిత్రగానూ చదవవలసిన పుట ఇది. ఆనాడు బండి దొరికింది. కిరాయి డబ్బుంది. దారి ఉంది. ఎక్కవలసిన మనిషి సిద్ధంగా ఉన్నాడు. తోలడం వచ్చినవాడు వాడ మనిషి కోసం తోలడు, వాడ మనిషికి తోలడం రాదు. తొంభై ఏళ్లు దాటాక ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దళితుల పేరిట వాహనాలు కొంటున్నారు, జెండా ఊపి తాళాలు అందజేస్తున్నారు. ఆ వాహనం ఏ వేళకు బయలుదేరాలి, ఏ దారిన పోవాలి, ఎవరిని ఎక్కించుకోవాలి అన్న నిర్ణయం మాత్రం వాడ చేతికి రాలేదు. తమ ఊరికి సామాజిక రవాణా కోసం స్థానిక నిధులు అడగదలచిన యువజనులు, మహిళా సంఘాలు, సర్పంచులు దరఖాస్తు రాసేముందు ఆలోచించవలసిన విషయం ఇదే.

చట్టం ఎక్కడిదాకా వచ్చి ఆగిందో మొదట చూద్దాం. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటరానితనం పేరుతో ప్రజా వాహనం ఎక్కనివ్వకపోవడాన్ని నేరం చేసింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 2015 సవరణ తర్వాత ప్రజా వాహనాన్ని, రోడ్డును, దారిని వాడుకోకుండా ఆటంకపరచడాన్నీ, సాంఘిక బహిష్కరణనూ శిక్షార్హం చేసింది. రెండూ పోరాడి సాధించుకున్న చట్టాలే. అయితే అవి వచ్చిన బండిని ఎక్కనివ్వకపోవడం గురించి మాట్లాడతాయి. అసలు రాని బండి గురించి వాటికి చెప్పేదేమీ లేదు. బస్సు ఊరి నడుమకు వచ్చి, పంచాయతీ ఆఫీసు ముందు తిరిగి, వచ్చిన దారినే వెళ్లిపోతుంది. మాలపల్లె, మాదిగగూడెం ఆ చోటికి అర కిలోమీటరు అవతలో, చెరువు కట్ట దాటాకో ఉంటాయి. తండా అయితే మరీ దూరం. ఊరు కట్టిననాడే కులం కొలిచి పెట్టిన దూరమది. డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు పట్నం వెళ్లవలసిన మనిషికి ఆ దూరం ఎంతో, నెలలు నిండిన గర్భిణికి ఎంతో కొలవడానికి ఏ సెక్షనూ లేదు.

మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో మొదలైంది. దాని మేలును తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. కూలికి, కాలేజీకి, ఆస్పత్రికి పోయే దళిత స్త్రీ చేతిలో టిక్కెట్టు డబ్బు మిగలడం చిన్న సంగతి కాదు. అయితే జీరో టిక్కెట్టు బస్సు ఎక్కాకే చేతికొస్తుంది. బస్సు దాకా పోయే ఆటోకు డబ్బులు పెట్టుకోవలసిందే. బస్సు వాడ దాకా ఎందుకు రాదని అడిగితే ఆక్యుపెన్సీ లేదంటారు. ఆ జవాబుకు మూలం చట్టంలోనే ఉంది. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం 22వ సెక్షన్ సంస్థ వ్యాపార సూత్రాల ప్రకారం నడవాలంటుంది. అదే చట్టంలోని 34వ సెక్షన్ సంస్థకు ఆదేశాలిచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. తలచుకుంటే ప్రభుత్వం వ్యాపార సూత్రాన్ని దాటగలదని ఉచిత ప్రయాణమే రుజువు చేసింది. ఆ తలపు వాడ మలుపు దగ్గర ఆగిపోతోంది.

ఇక దళితులకు ఇస్తున్న వాహనాల సంగతి. ఎస్సీ కార్పొరేషన్లు ఏళ్ల తరబడి సబ్సిడీ, బ్యాంకు రుణం కలిపి ఆటోలు, కార్లు, ట్రాలీలు ఇప్పిస్తున్నాయి. 2021లో హుజూరాబాద్‌లో మొదలైన దళితబంధు కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇచ్చినప్పుడు కూడా ఎంతోమంది వాహనాలనే ఎంచుకున్నారు. తర్వాత వచ్చిన కాంగ్రెస్ ఆ మొత్తాన్ని అంబేడ్కర్ అభయహస్తం పేరుతో 12 లక్షలు చేస్తామని వాగ్దానం చేసింది. పదా పన్నెండా అన్న పేచీలో అసలు ప్రశ్న ఎవరికీ పట్టలేదు. ఈ పథకాలన్నీ వాహనాన్ని ఒక నిరుద్యోగి బతుకుతెరువుగానే చూశాయి. బతుకుతెరువు కావలసిందే, సందేహం లేదు. కానీ నెలవారీ కిస్తీ మెడ మీద ఉన్న కుర్రవాడు బండిని గిరాకీ ఉన్న చోటికే తిప్పుతాడు. మండల కేంద్రానికి, పట్నానికి, పెళ్లిళ్ల సీజనులో ఫంక్షన్ హాళ్లకు తిప్పుతాడు. తెల్లవారుజామున నలుగురు కూలీల కోసం గూడెంలో ఎదురుచూస్తే అతని కిస్తీ కట్టేదెవరు? తప్పు అతనిది కాదు. పథకం అతన్ని లబ్ధిదారుగా రాసుకుంది, అతని వాడను ఎక్కడా రాసుకోలేదు. దరఖాస్తు ఫారంలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, కులం, ఆదాయం రాయడానికి గడులుంటాయి. ఈ బండి వల్ల ఎవరి ప్రయాణం సులువవుతుందో రాయడానికి గడి ఉండదు.

సమిష్టి యాజమాన్యం ఉంటే చాలదా అంటే, దానికీ మన కళ్లెదుటే ఒక ఉదాహరణ ఉంది. తెలంగాణలో 2025 మార్చి నుంచి మండల మహిళా సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకిస్తున్నాయి. ఒక్కో బస్సుకు నెలకు 77,220 రూపాయల అద్దె సమాఖ్యకు వస్తుంది. గ్రామీణ స్త్రీలు బస్సు యజమానులు కావడం మన రవాణా చరిత్రలో సామాన్యమైన విషయం కాదు, దీన్ని మెచ్చుకోకపోవడం అన్యాయం. కానీ అద్దెకిచ్చిన బస్సు ఎక్కడ తిరగాలో డిపో నిర్ణయిస్తుంది. సమాఖ్య సభ్యురాలైన వాడ స్త్రీ తాను వాటాదారుగా ఉన్న బస్సు ఎక్కడానికి ఆటోలో స్టేజి దాకా రావలసి ఉండవచ్చు. అద్దె ఒప్పందంలో ఒక్క షరతు చేర్చి, రోజుకు రెండు ట్రిప్పుల దారిని యజమానురాళ్లు నిర్ణయించవచ్చునంటే ఆర్టీసీ దివాలా తీయదు.

పంచాయతీ బండి నడపలేదనే మాట కూడా నిలవదు. పల్లెప్రగతిలో తెలంగాణలోని ప్రతి గ్రామపంచాయతీకి ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూర్చారు. అవి ఇంటింటికీ తిరిగి చెత్త ఎత్తుతాయి, మొక్కలకు నీళ్లు పోస్తాయి. డీజిలు బిల్లులకు పంచాయతీలు తిప్పలు పడిన మాట నిజమే, అయినా నడిపాయి. ఆ ట్రాక్టరు మాలపల్లెకూ మాదిగగూడానికీ కూడా పోతుంది. దాని మీద పనిచేసే సఫాయి కార్మికుల కులమేమిటో వేరే చెప్పనక్కరలేదు. వాడ మనుషులు ఊరి చెత్త మోయడానికి పంచాయతీ బండి ఎక్కవచ్చు. ఆస్పత్రికి పోవడానికి ఎక్కదగిన పంచాయతీ బండి మాత్రం ఉండదు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులోని 13వ అంశం రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, రేవు పడవలు, జలమార్గాలు, ఇతర రాకపోకల సాధనాలను పంచాయతీలకు అప్పగించదగిన విషయాల్లో చేర్చింది. రేవు పడవ నడపగల పంచాయతీ రోడ్డు మీద చిన్న బండి నడపకూడదని ఏ విజ్ఞుడూ వాదించలేడు.

ఇప్పుడు డబ్బు ఎక్కడుందో చూద్దాం. డబ్బుంది, దానికి వంకర కూడా ఉంది. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో నిర్బంధం లేని భాగాన్ని పదకొండో షెడ్యూలు విషయాల్లో స్థానిక అవసరాలకు ఖర్చు చేయవచ్చు. జీతాలకు, ఎస్టాబ్లిష్‌మెంటుకు మాత్రం వాడకూడదు. పార్లమెంటు సభ్యుల నిధుల్లో ఏటా 15 శాతం ఎస్సీ ప్రాంతాలకు, 7.5 శాతం ఎస్టీ ప్రాంతాలకు కేటాయించాలి. వాటితో అంబులెన్సు కొనవచ్చు, నడిపే ఖర్చుకు వాడరాదు. కార్పొరేషన్ సబ్సిడీ కూడా కొనుగోలుకే. అంటే మన వ్యవస్థలో ఇనుముకు డబ్బుంది, డీజిలుకు లేదు. వాహనం వచ్చిన మొదటి ఏడాది ఫోటోలు పడతాయి. రెండో ఏడాది ఇన్సూరెన్సు గడువు, ఫిట్‌నెస్ గడువు తీరతాయి. మూడో ఏడాది అది మండల ఆఫీసు వెనక చెట్టు కింద తుప్పు పడుతుంది. అప్పుడు ‘వీళ్లకు ఎన్ని ఇచ్చినా ఇంతే’ అనే మాట వినబడుతుంది. ఆ మాటకు మనం జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

మిగిలింది ఉపప్రణాళిక. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన 2013 చట్టం, దాని స్థానంలో తెలంగాణ తెచ్చిన 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం జనాభా దామాషాలో నిధులు కేటాయించాలంటాయి. నడిపే ఖర్చును న్యాయంగా భరించవలసినది ఈ నిధే. అయితే అందరికీ వర్తించే పథకాల్లో దళితుల వాటా ఇంతని కాగితం మీద లెక్కగట్టి ఈ నిధి ఖాతాలో రాయడం ప్రభుత్వాలకు పాత అలవాటు. ఉచిత ప్రయాణపు ఖర్చులో ఎంత భాగాన్ని ఈ ఖాతాలో చూపుతున్నారో రెండు ప్రభుత్వాలూ గ్రామసభల ముందు పెట్టాలి. బస్సు రాని వాడ పేరున బస్సు ఖర్చు రాస్తే అది రెండోసారి దోపిడీ.

దరఖాస్తు రాసేవారు అందుకే బండి ధరతో మొదలు పెట్టకూడదు. ప్రయాణాలతో మొదలు పెట్టాలి. రెండు వారాలపాటు ఇల్లిల్లూ తిరిగి ఎవరు, ఎప్పుడు, ఎక్కడికి, ఎంత ఖర్చుతో పోతున్నారో రాసుకోండి. పోలేక మానుకున్న ప్రయాణాలను మరచిపోకుండా రాయండి. వాయిదా పడ్డ స్కానింగు, ఎగ్గొట్టిన పరీక్ష, హాస్టలు నుంచి పండుగకు రాలేకపోయిన పిల్ల, బేరం కుదిరాక మోయలేక ఊళ్లోనే తక్కువకు అమ్ముకున్న కూరగాయలు. ఆక్యుపెన్సీ లెక్కలో ఇవేవీ ఉండవు, ఎందుకంటే అది ఎక్కినవారినే లెక్కిస్తుంది. విద్యార్థి సంఘాలు వేసవి సెలవుల్లో ఈ ఒక్క పని చేసినా జిల్లా కలెక్టరు ముందు పెట్టడానికి కాదనలేని కాగితం ఒకటి తయారవుతుంది. దాని పక్కన నెల ఖర్చు రాయాలి. డ్రైవర్లిద్దరి జీతం, డీజిలు, రోడ్డు పన్ను, ఇన్సూరెన్సు, రిపేర్లు, టైర్ల కోసం నెలనెలా పక్కన పెట్టే మొత్తం ఉండాలి. డ్రైవరు ఒక్కరే అయితే అతనికి జ్వరం వచ్చిన రోజు వాడంతటికీ జ్వరమే. 7,500 కిలోలకు మించని వాహనాన్ని మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. వాడలోని స్త్రీలకు డ్రైవింగు నేర్పించే ఖర్చునూ దరఖాస్తులో కలిపి అడగడానికి ఇది మంచి సమయం. చాలీస్‌గావ్‌లో లోపించింది ఆ శిక్షణే.

అన్నిటికన్నా గట్టి అడ్డంకి పర్మిట్. జాతీయం చేసిన రూట్లలో మనిషికింతని చార్జీ తీసుకుని ప్రయాణికులను చేరవేసే హక్కు ఆర్టీసీదే. వాడ సంఘం బండి అలా నడిస్తే రవాణా శాఖ పట్టుకుంటుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ 67వ సెక్షన్‌కు మూడో ఉపవిభాగం చేర్చింది. గ్రామీణ రవాణా కోసం, చివరి మైలు ప్రయాణం కోసం రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక పథకం ప్రకటించి లైసెన్సులు ఇవ్వవచ్చునని అది చెబుతోంది. బ్రిటన్‌లో 1985 నాటి రవాణా చట్టం లాభాపేక్ష లేని సామాజిక బస్సులకు వేరే పర్మిట్లే ఏర్పాటు చేసింది. మన ప్రభుత్వాలు 67(3) కింద దళితవాడలు, తండాలు, గూడేల కోసం అటువంటి పథకం నోటిఫై చేయాలని పార్టీలు డిమాండ్ చేయాలి. ఎన్నికల ప్రణాళికల్లో లక్షల అంకెలకు దొరికే చోటు ఈ ఒక్క వాక్యానికీ దొరకాలి.

పర్మిటు, ఇన్సూరెన్సు గుమాస్తా వ్యవహారాలని కొట్టిపారేసేవారికి మాంట్‌గోమరీని గుర్తు చేస్తాను. 1955 డిసెంబరులో అమెరికాలోని ఆ నగరపు నల్లజాతి ప్రజలు బస్సులను బహిష్కరించి 381 రోజులు నిలబడ్డారన్నది మనకు తెలుసు. ఎలా నిలబడ్డారన్నది తక్కువగా చెప్పుకుంటాం. రెండేళ్ల ముందు బాటన్ రూజ్‌లో జరిగిన బహిష్కరణ అనుభవం నుంచి నేర్చుకుని వందలాది కార్లతో సొంత రవాణా ఏర్పాటు చేసుకున్నారు. చర్చీలు వ్యాన్లు కొన్నాయి. వాటిని ఆపడానికి ప్రత్యర్థులు ఎంచుకున్న ఆయుధాల్లో ఇన్సూరెన్సు ఒకటి. పాలసీలు రద్దయ్యాయి, చివరకు లండన్‌లోని లాయిడ్స్ నుంచి బీమా తెచ్చుకోవలసి వచ్చింది. పర్మిటు లేని రవాణా అంటూ నగర పాలకులు కోర్టుకెక్కి ఆ కార్లను ఆపించారు కూడా. బస్సుల్లో జాతి వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు తేల్చినదీ ఆ రోజే కాబట్టి ఉద్యమం బతికింది. ఆధిపత్యానికి కాగితాల విలువ తెలుసు.

అభ్యంతరాలు రాకపోవు. వాడకు వేరే బండి అంటే వెలిని చక్రాల మీద ఎక్కించడమే కదా అని మిత్రులు కొందరు అడుగుతారు. ఆలోచించదగిన ప్రశ్నే. కానీ ఈ బండి వాడలో బయలుదేరి ఊరి మీదుగా మండలానికి పోతుంది. ఎవరు చెయ్యెత్తినా ఆపుతుంది. ఊరివాళ్లు వాడవాళ్ల తర్వాత ఎక్కుతారు, అంతే తేడా. ఆ తేడాను ఓర్వలేనివారు ఉంటారనీ తెలుసు. 1997లో తమిళనాడులో ఒక రవాణా సంస్థకు దళిత వీరుడు సుందరలింగం పేరు పెడితే ఘర్షణలు చెలరేగాయి. చివరికి అక్కడి ప్రభుత్వం రవాణా సంస్థలన్నిటి నుంచీ, జిల్లాల నుంచీ నాయకుల పేర్లే తీసేసింది. పేరుకే అంత గొడవైతే, ముందు సీట్లో కూలి స్త్రీ కూర్చుని వచ్చే బండికి ఎంతవుతుందో ఊహించుకోవచ్చు. ఆ గొడవకు భయపడి మానుకునేట్టయితే ఇన్నాళ్లుగా సాధించుకున్నదేదీ ఉండేది కాదు.

ఆటో డ్రైవర్ల మాట వేరు. వారిలో చాలామంది మనవాళ్లే, ఉచిత బస్సుతో ఇప్పటికే గిరాకీ పడిపోయినవాళ్లు. వారి పొట్టకొట్టే పథకం నిలవదు, నిలవకూడదు కూడా. కొత్త బండి కొనే బదులు వాడలో ఉన్న ఆటోలకే నిర్ణీత వేళల్లో నడిపినందుకు నెలకింతని ఉపప్రణాళిక నుంచి చెల్లిస్తే, ఖర్చు తగ్గుతుంది, కిస్తీ కూడా తీరుతుంది. చాలా ఊళ్లకు ఇదే మెరుగని నేననుకుంటాను. ఆర్టీసీ కార్మికుల భయం కూడా న్యాయమైనదే. రిజర్వేషన్లతో దళితులకు గౌరవమైన కొలువులిచ్చిన సంస్థ అది. దాన్ని తప్పించే నెపంగా ఈ బండి మారకూడదు. వాడ నుంచి ఆర్టీసీ స్టేజి దాకా, అక్కడి బస్సు వేళకు సరిపడా నడిస్తే సంస్థకు ప్రయాణికులు పెరుగుతారే తప్ప తగ్గరు.

మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. మాలపల్లె, మాదిగగూడెం ఊరికి చెరో దిక్కున ఉన్నచోట బండి ముందు ఎటు పోవాలన్నది తగువు కాకతప్పదు. వర్గీకరణపై తీర్పు, ఆ తర్వాత తెలంగాణలో 2025 నాటి చట్టం వచ్చిన ఈ రోజుల్లో ఆ తగువును దాచిపెట్టడం అమాయకత్వం. నిర్వహణ కమిటీలో రెండు కులాలవారూ, ఉపకులాలవారూ, సగానికి తగ్గకుండా స్త్రీలూ ఉండాలనీ, మొదటి ట్రిప్పు నెలకొక వైపు నుంచి బయలుదేరాలనీ తీర్మానంలోనే రాసుకోవాలి. డబ్బు వచ్చాక ఇలాంటివి రాసుకోవడం కష్టం.

తెలంగాణలో 2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగి, దాదాపు రెండేళ్ల ప్రత్యేకాధికారుల పాలన తర్వాత సర్పంచులు వచ్చారు. వారిలో రిజర్వుడు స్థానాల నుంచి గెలిచినవారు గ్రామ అభివృద్ధి ప్రణాళికలో రవాణా అనే శీర్షిక తెరవాలి. దాని కింద గ్రామసభ చేత తీర్మానం చేయించి ఎస్సీ కార్పొరేషన్‌కు, కలెక్టరుకు, ఆర్టీసీ డిపో మేనేజరుకు ఒకే రోజున పంపాలి. తీర్మానంలో బండి రకం, సీట్ల సంఖ్య అధికారులతో మాట్లాడి మార్చుకోవచ్చు. మార్చుకోకూడని అంశం ఒకటుంది. పల్లెల్లో నైట్ హాల్ట్ బస్సు అంటే అందరికీ తెలుసు. రాత్రి ఏ ఊళ్లో ఆగుతుందో తెల్లవారి మొదటి ట్రిప్పులో సీటు ఆ ఊరివాళ్లదే. ఈ బండి నైట్ హాల్ట్ పంచాయతీ ఆఫీసు ముందు కాదనీ, సర్పంచు ఇంటి ముందు అసలే కాదనీ, వాడలోననీ, తాళం చెవి వాడ కమిటీ దగ్గర ఉంటుందనీ తీర్మానంలో రాయించాలి.